మేక ఈనవలసిన రోజు

మేకను పేదవాని ఆవు అనడం మన వాడుక. 2019 నాటి పశుగణన ప్రకారం మన దేశంలో సుమారు 14 కోట్ల 88 లక్షల మేకలు ఉన్నవి. మేకపాల ఉత్పత్తిలో ప్రపంచదేశాలన్నింటిలోను మనదే ప్రథమస్థానం. అయినను శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలలో మేకను పాలకొరకు పెంచే ఇండ్లు తక్కువ. ఇక్కడ మేక అనగా సంతకు తోలుకొనిపోయే సొమ్ము. పిల్లవాని ఫీజుకో, ఆసుపత్రి ఖర్చుకో అక్కరకు వచ్చే రొక్కం. పాలకొరకు ఒకటి రెండు మేకలను పెరటిలో కట్టుకొనేవారు పట్టణాలలో కొందరు కలరు. మన విద్యార్థుల ఇండ్లలోను అట్టివి ఉన్నవి. ఈ వ్యాసం ముఖ్యంగా వారి కొరకు.

తెలుగు పాఠం చెప్పేవారికి మేకల కాన్పుతో ఏమి పని అని కమిటీ పెద్దలు అడుగవచ్చును. మా ఇంటిలోను ఒక మేక ఉన్నది. దాని విషయంలో రెండు సంవత్సరాలలో మాకు రెండుసార్లు ఒకే ప్రశ్న ఎదురయినది: నెలలు నిండినట్లు తోచిన మేకను సూదిమందుతో ఈనించవలెనా, దానంతట అది ఈనేవరకు వేచి ఉండవలెనా? మొదటి ఏట ఒక తప్పు చేయబోయి ఆగినాము. రెండవ ఏట ఆగకూడని చోట ఆగినాము. ఈ రెండింటి నడుమ మేము చదివినది, పశువైద్యులను అడిగి తెలుసుకొన్నది ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందుగా ఒక మాట. మన భాషలో స్త్రీ కంటుంది, పశువు ఈనుతుంది. వరి కూడా ఈనుతుంది. చేను పొట్టమీద ఉన్నదని రైతు అంటాడు. పొట్టదశ దాటిన పిదప వెన్ను బయటకు వచ్చే దశను ఈనిక అంటాడు. వెన్ను త్వరగా రావలెనని ఆ పొట్టను చీల్చి చూచిన రైతును మేము ఎరుగము. అయితే చేనుకు వచ్చే కష్టాలు వేరు, చూలు మేకకు వచ్చే కష్టాలు వేరు కనుక ఈ పోలికను ఎక్కువ దూరం లాగము.

మేక చూలు సుమారు 150 రోజులు. 145 మొదలు 155 వరకు ఏ రోజున ఈనినను అది సహజమే. కవలలు, ముగ్గురు ఉన్నప్పుడు ఒకటి రెండు రోజులు ముందుకు జరుగవచ్చును. మరి ఆ రోజును నిర్ణయించేది ఎవరు? తల్లియా, పిల్లయా? కడుపులోని పిల్లయే తన పుట్టుకను ప్రారంభిస్తుందని ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటీసు పేరిట ఒక అభిప్రాయం ప్రచారంలో ఉన్నది. అది ఊహ మాత్రమే అని చాలాకాలం అనుకొన్నారు. అమెరికాలోని ఐడహో కొండలలో మేసిన గొర్రెలు ఒక అడవిమొక్కను చూలు కట్టిన 14వ రోజు ప్రాంతంలో తిన్నప్పుడు, ముఖం మధ్య ఒకే కన్ను గల పిల్లలు పుట్టడాన్ని 20వ శతాబ్ది మధ్యకాలంలో అక్కడి శాస్త్రజ్ఞులు పరిశీలించినారు. ఆ తల్లులలో కొన్ని నెలలు దాటినా ఈనలేదు. వాటి పిల్లలకు మెదడు అడుగున ఉండవలసిన పీయూష గ్రంథి సరిగా ఏర్పడలేదు. అనగా కాలం నిండినదని చెప్పవలసిన నోరు అక్కడ లేదన్నమాట.

1960వ దశకంలో న్యూజీలాండ్ దేశపు ఆక్లండ్ నగరంలో లిగ్గిన్స్ అనే ప్రసూతి వైద్యుడు ఈ విషయాన్ని గొర్రెలపై ప్రయోగించి చూచినాడు. గర్భంలోని పిల్లకు పీయూష గ్రంథిని పని చేయనీయకుండా చేస్తే తల్లి ఈనలేదు. ఆ పిల్లకే కార్టిసాల్ జాతి మందును ఎక్కిస్తే నెలలు నిండకముందే ఈనినది. అంతకంటే విచిత్రం మరొకటి జరిగినది. చాలా ముందుగా పుట్టి, ఊపిరి తీయలేక చనిపోవలసిన గొర్రెపిల్ల ఒకటి ఊపిరి తీసినది. దాని ఊపిరితిత్తులు వయస్సుకు మించి పక్వమైనవి. ఈ పరిశీలన నుండియే, నెలలు నిండక కాన్పు వచ్చే స్త్రీలకు ముందుగా ఆ మందు ఇచ్చే చికిత్స పుట్టినది. లిగ్గిన్స్, ఆయన సహచరుడు హోవీ కలిసి దానిని 1972లో ప్రకటించినారు. నేడు మన జిల్లా ఆసుపత్రులలో నెలతక్కువ బిడ్డ బ్రతికి బయటపడుతున్నదంటే ఆ కథలో ఒక గొర్రెపిల్ల ఉన్నది.

మేక విషయానికి వస్తే క్రమం ఇట్లున్నది. చూలు నిలిచి ఉండడానికి ప్రొజెస్టిరాన్ అనే హార్మోను అవసరం. మేకలో అది ఆసాంతం అండకోశంలోని కార్పస్ లూటియం అనే పసుపుపచ్చని కణజాలం నుండియే వస్తుంది. కాలం నిండగానే పిల్ల తన అడ్రినల్ గ్రంథుల నుండి కార్టిసాల్‌ను విడుదల చేస్తుంది. ఆ కార్టిసాల్ రెండు పనులు చేస్తుంది. ఒకవంక పిల్ల ఊపిరితిత్తులను గాలి పీల్చడానికి సిద్ధపరుస్తుంది. మరొకవంక మాయలోని రసాయనక్రియలను మార్చి ఈస్ట్రోజెన్‌ను పెంచుతుంది. దానితో గర్భాశయం ప్రోస్టాగ్లాండిన్ ఎఫ్-2 ఆల్ఫా అనే పదార్థాన్ని విడుస్తుంది. అది కార్పస్ లూటియంను కరిగిస్తుంది. ప్రొజెస్టిరాన్ పడిపోతుంది, నొప్పులు మొదలవుతవి.

పశువైద్యుడు మేకను ఈనించడానికి ఇచ్చే సూదిమందు ఈ ప్రోస్టాగ్లాండినే, లేదా దానిని పోలిన క్లోప్రోస్టినాల్. ఈ పదార్థాన్ని మొదట 1930వ దశకంలో స్వీడన్ శాస్త్రజ్ఞుడు ఫాన్ ఆయిలర్ గుర్తించి పేరు పెట్టినాడు. వీటిపై పరిశోధనలకు 1982లో బెర్గ్‌స్ట్రామ్, శామ్యూల్‌సన్, వేన్ అనే ముగ్గురికి నోబెల్ బహుమతి లభించినది. సూది వేసిన తరువాత మేక సాధారణంగా 30 గంటలు మొదలు 36 గంటలలో ఈనుతుంది. కొన్ని ఒక రోజుకే ఈనుతవి, కొన్ని రెండు రోజులు తీసుకొంటవి. ఉదయం 7 గంటలకు వేస్తే మరునాడు సాయంకాలానికి, వెలుగు ఉండగానే, పిల్లలు చేతికి వస్తారని లెక్క. వినడానికి ఎంతో సౌకర్యంగా ఉన్నది.

చిక్కు ఇక్కడనే ఉన్నది. పిల్ల విడిచే కార్టిసాల్ రెండు పనులు చేస్తుందన్నాము గదా. సూదిమందు వాటిలో రెండవదానినే చేస్తుంది. తలుపు తీస్తుందే కాని, లోపలివారు ప్రయాణానికి సిద్ధమైనారా అని అడుగదు. పిల్ల ఊపిరితిత్తులు పక్వమైన రోజులలో వేస్తే ఏ హానీ లేదు. అంతకుముందు వేస్తే తల్లి క్రమం ప్రకారమే ఈనుతుంది, పిల్ల పుడుతుంది, నాలుగుసార్లు ఎగశ్వాస తీసి పోతుంది. 144వ రోజుకు ముందు ఈనించరాదని పశువైద్యులు చెప్పడంలోని అర్థం ఇదే. కనుక సూది వేయవచ్చునా అన్న ప్రశ్నకు ముందు, ఇది ఎన్నవ రోజు అన్న ప్రశ్నకు జవాబు కావలెను. ఆ జవాబు మనం అనుకొన్నంత తేలిక కాదని మాకు మొదటి ఏట తెలిసినది.

మా మేక జమునాపారి సంకరం. తెల్లనిది, పొడవైన చెవులు గలది. మా ఖాలా దానిని సఫేదీ అని పిలుస్తుంది. ఆ ఏడు జూలై 3వ తేదీన దానిని పోతు వద్దకు తీసుకొనిపోయి, మేమే గోడ క్యాలెండరుపై గుర్తు పెట్టినాము. ఆ లెక్కన నవంబరు 30 నాటికి 150 రోజులు. నవంబరు దాటినది. డిసెంబరు 5 వచ్చినది, 155 నిండినవి. మేక మేస్తున్నది, నెమరువేస్తున్నది, ఈనే జాడ లేదు. ఇంటిలో అందరికీ ఆందోళన కలిగినది. పిల్ల లోపలనే పెరిగిపోతే అడ్డం తిరుగుతుందని ఒకరు, చనిపోయి విషమెక్కుతుందని ఒకరు. మాకు తెలిసిన వ్యక్తి ఒకరు, పశువైద్యంలో పట్టా లేకున్నను సూది వేయడం నేర్చినవారు, ఆ సాయంకాలమే వచ్చి పని ముగిస్తామన్నారు. మేమును సరే అన్నాము. చదువుకొన్నవారమన్న ధైర్యం ఒకటి ఉన్నది గదా. క్యాలెండరు మా చేతివ్రాతతోనే ఉన్నది.

ఆ మధ్యాహ్నం మేకలకు రొట్ట తెచ్చి అమ్మే గొల్ల వృద్ధుడు ఒకరు వచ్చినారు. వారు మేకను ఒకసారి చుట్టి చూచి, పొదుగును తడిమి, తోక మొదలు ఇరువైపుల వ్రేళ్లతో నొక్కి, మావైపు తిరిగినారు.

"బాబూ, ఈ సూలు నిండినాది కాదు. మొదుటిపాలి కట్టినాక మల్లీ ఎదకొచ్చిందా, నేదా?"

మేము రాలేదన్నాము. వంటింటి గుమ్మంలో నిలుచున్న మా ఖాలా కొంచెం సంకోచించి, "నువ్వు ఊరిలో లేవు బేటా. మూడు వారాలు పోయినాక ఒక రోజల్లా అరుస్తూనే ఉంది. పక్కవాళ్ల పోతు కంచె దాటి వచ్చింది. నేనే తోలేశాను, కాని కాసేపటికి" అన్నది.

"మరింకేటమ్మా! ముందుది నెక్కలోకి రాదు. మూడువారాలు ఎనక్కి జరపండి" అని వృద్ధుడు కావడి ఎత్తుకొన్నారు.

మేకకు ఎద సుమారు 21 రోజులకు ఒకసారి వస్తుంది. చూలు కట్టితే రాదు. మళ్లీ వచ్చినదంటే మొదటిసారి కట్టలేదన్నమాట. జూలై 24 నుండి లెక్కిస్తే డిసెంబరు 5 నాటికి అయినవి 155 కావు, 134 మాత్రమే. ఆ సాయంకాలం సూది పడి ఉంటే డిసెంబరు 7 ఉదయానికి మా పెరటిలో ఏమి ఉండేదో పైన వ్రాసినాము. సఫేదీ డిసెంబరు 20 తెల్లవారుజామున, 149వ రోజున, ఎవరి సహాయమూ లేకుండా రెండు పిల్లలను ఈనినది.

ఆ వృద్ధుడు చూచిన గుర్తులు పుస్తకాలలోను ఉన్నవి. తోక మొదలు ఇరువైపుల రెండు త్రాళ్లవలె బిగువుగా తగిలే బంధకాలు ఉంటవి. ఈనడానికి సుమారు ఒక రోజు ముందు అవి మెత్తబడి చేతికి అందకుండా పోతవి. తోక మొదలు చుట్టూ గుంటలు పడతవి. పొదుగు నిగనిగలాడుతూ బిగుస్తుంది. మేక మందను విడిచి ఒంటరిగా నిలుస్తుంది, గిట్టతో నేలను గీరుతుంది. లెక్కకు, ఈ గుర్తులకు పొత్తు కుదరనప్పుడు లెక్కనే అనుమానించవలెను. స్కానింగు చేయగల వైద్యుడు దొరికితే మరింత మేలు. ఎందుకనగా మేకలలో చూలు కాని చూలు ఒకటి ఉన్నది. పిల్ల లేకుండానే గర్భాశయం నీటితో నిండుతుంది, పొట్ట పెరుగుతుంది, ఇంటివారు రోజులు లెక్కపెడుతూనే ఉంటారు, చివరకు నీరంతా ఒక్కసారి పోయి పాక తడుస్తుంది. దీనికి వాడేదీ ప్రోస్టాగ్లాండినే. అయితే ఉన్నది పిల్లయా, నీరా అని స్కానింగులో తేలిన తరువాతనే.

మన సరిహద్దుకు ఆవల ఒడిశా దక్షిణ భాగంలో గంజాం మేక అనే జాతి ఉన్నది. దానిని మందలుగా పెంచేవారు గొల్లలే. గంజాం జిల్లా 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. మందలలో పోతులు మేకలతో కలిసే తిరుగుతవి, కనుక ఏ మేక ఏ రోజున కట్టినదో ఎవరికీ తెలియదు. తేదీ తెలియని చోట సూదిమందు ప్రసక్తియే లేదు. వారికి వ్రేళ్లే క్యాలెండరు. పెరటిలో ఒంటిమేకను కట్టుకొన్న మనవంటివారికే తేదీ తెలుసునన్న గర్వమూ, ఆ గర్వంతో వచ్చే ప్రమాదమూ.

ఇక్కడ మరి రెండు హెచ్చరికలు చేయక తప్పదు. మొదటిది, మేకకు పనిచేసినది గొర్రెకు పనిచేయదు. గొర్రెలో సుమారు రెండు నెలలు గడిచిన తరువాత మాయయే ప్రొజెస్టిరాన్‌ను తయారు చేసుకొంటుంది. కార్పస్ లూటియం కరిగినను చూలు నిలుస్తుంది. మేకలను, గొర్రెలను కలిపి పెంచేవారు ఒకే సీసాతో రెండింటికీ వైద్యం చేయబోవడం వృథా. రెండవది మరింత ముఖ్యమైనది. పల్లెలలో పాలసూది అని పిలిచే ఆక్సిటోసిన్‌ను ఈనడానికి వాడడం అక్కడక్కడ ఉన్నది. అది గర్భాశయాన్ని బిగించి ముడిచే మందు. గర్భాశయముఖం తెరుచుకోకముందు దానిని ఇస్తే, మూసిన తలుపుకేసి పిల్లను నెట్టినట్లు అవుతుంది; గర్భాశయం చిరిగి తల్లి చనిపోవచ్చును. ఈ మందు దుర్వినియోగం వలననే 2018లో కేంద్రప్రభుత్వం దేశీయ వినియోగానికి ప్రైవేటు కంపెనీలు దానిని తయారు చేయరాదని ఉత్తర్వు ఇచ్చినది. స్త్రీల కాన్పులలో అది ప్రాణాధారమైన మందు కనుక, అదే ఏడు డిసెంబరులో ఢిల్లీ ఉన్నత న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టివేసినది. మందు మంచిదే, వాడే చేయి, వాడే వేళ ప్రశ్న.

ఇక మా రెండవ ఏటి సంగతి. ఈసారి తేదీ నిశ్చయం. మేము ఇంటనే ఉన్నాము. 21వ రోజున మళ్లీ ఎద రాలేదని కూడా క్యాలెండరులో వ్రాసుకొన్నాము. 143వ రోజున సఫేదీ మేత తగ్గించినది. ఈనే ముందు మేత తగ్గడం సహజమని మేము అనుకొన్నాము. పైగా నిరుటి అనుభవం వలన ఓర్పు అనే గుణం మాకు అలవడినదని కొంత సంతోషం. మరునాడు అది రావి ఆకును కూడా ముట్టలేదు. పళ్లు కొరుకుతున్నది. కాళ్లు ఉబ్బినవి. ఖాలా వైద్యుని పిలువుమన్నది. మేము ఇంకొక రోజు చూతమన్నాము. 145వ రోజు ఉదయం అది లేవలేదు. నోటివద్ద ముఖం పెడితే మగ్గిన పండువంటి తీపివాసన.

పశువైద్యులు వచ్చి, మూత్రంలో ఒక కాగితపు పట్టీని ముంచినారు. అది ముదురు ఊదారంగుకు తిరిగినది. దీనిని వారు చూలునాటి కీటోన్ వ్యాధి అన్నారు. చూలు చివరి ఆరు వారాలలోనే కడుపులోని పిల్లల పెరుగుదలలో ఎక్కువ భాగం జరుగుతుంది. రెండు మూడు పిల్లలు ఉన్నప్పుడు వాటికి కావలసిన చక్కెర తల్లి తినే మేత నుండి చాలదు. నిండిన గర్భాశయం పొట్టను నొక్కడం వలన అది తినగలిగినదీ తక్కువే. అప్పుడు తల్లి శరీరం తన క్రొవ్వును కరిగించుకొంటుంది. ఆ మంట నుండి వచ్చే పొగవంటివే కీటోనులు. అవి పెరిగితే ఆకలి ఇంకా చస్తుంది. ఆకలి చచ్చినకొద్దీ అవి ఇంకా పెరుగుతవి. చిక్కిన మేకకే కాదు, బాగా బలిసిన మేకకు కూడా ఈ వ్యాధి వస్తుంది. మేము చూలు మొదటి మూడు నెలలు బలానికని చోడి గంజి, తవుడు మితిమీరి పెట్టి, చివరి నెలలో గడ్డితో సరిపెట్టినాము. తిరుగవేసి చేయవలసిన పని. చివరి ఆరు వారాలలోనే చోళ్లు, గంటెలు, వేరుసెనగ కట్టె, అవిసె ఆకు కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టవలెనట.

వైద్యులు నరానికి గ్లూకోజు ఎక్కించినారు, కాల్షియం ఇచ్చినారు, ప్రొపిలీన్ గ్లైకాల్ త్రాగించమన్నారు. సాయంకాలానికి తల ఎత్తినదే కాని నిలువలేదు. అప్పుడు వారు మమ్ము కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న వేసినారు: తేదీ నిజమేనా? నిజమే అన్నాము. తోక మొదలు, పొదుగు తాము స్వయంగా చూచినారు. "పిల్లలు లోపల ఉన్నంతసేపు తల్లి వాటికి కడుతున్న పన్ను ఆగదు. పన్ను ఆగితేనే తల్లి లేస్తుంది" అని, 146వ రోజు తెల్లవారగానే ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చినారు. 34 గంటలకు సఫేదీ ఈనినది. మూడు పిల్లలు. మొదటిది చనిపోయి పుట్టినది. తక్కిన రెండు బ్రతికినవి. తల్లి నాలుగవ రోజున తనంతట లేచి నిలిచినది. ఆ కాన్పుకు పాలు అంతంత మాత్రమే. 144వ రోజుననే వైద్యుని పిలిచి ఉంటే మూడవ పిల్ల దక్కేదా అని మేము అడిగినాము. వారు జవాబు చెప్పలేదు, చేతులు కడుగుకొంటూ సబ్బు అడిగినారు.

విదేశాలలో వందలకొలది పాలమేకలు గల ఫారములు ఉన్నవి. అక్కడ కాన్పులన్నీ మనుషులు అందుబాటులో ఉండే పగటివేళ జరగడానికి సూదిమందు వాడుతారు. జున్నుపాల ద్వారా తల్లి నుండి పిల్లకు సోకే ఒక కీళ్లవ్యాధి వైరస్‌ను మందనుండి తొలగించడానికి, పుట్టిన వెంటనే పిల్లలను వేరు చేయవలసి వచ్చినప్పుడు కూడా వాడుతారు. ఒకటి రెండు మేకలున్న ఇంటికి సౌకర్యం కొరకు ఈ పని అవసరమని మాకు తోచదు. రాత్రి లేవడం కష్టమనో, పెండ్లి ప్రయాణం ఉన్నదనో సూది వేయించడం కంటె పొరుగువారికి చెప్పిపోవడం చవుక.

మన తీరానికి మాత్రం ఒక ప్రత్యేకమైన ప్రశ్న ఉన్నది. అక్టోబరు మొదలు డిసెంబరు వరకు ఈనే మేకలకు, తుఫానులకు ఒకే ఋతువు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు పశువుల పాకలు ఏమైనవో ఉద్దానం విద్యార్థులకు మేము చెప్పనవసరం లేదు. తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు నిండుచూలు మేకను ముందుగానే ఈనిస్తే మేలు కదా అని ఒక విద్యార్థి మమ్ము అడిగినాడు. తెలివైన ప్రశ్నయే. కాని సూది పనిచేయడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. రెండు రోజులు కూడా కావచ్చును. హెచ్చరిక విని ఉలికిపడి వేసిన సూది సరిగా గాలి ముదిరిన రాత్రికే నొప్పులను తేవచ్చును. ఆనాడు వైద్యుడు రాలేడు, దీపం ఉండదు, తడిసిన పిల్ల చలికి ఆగదు. చూలు మేకను పక్కా ఇంటి వసారాలోకి తరలించడం అంతకంటె మంచి వైద్యం.

తల్లికి ప్రాణాపాయం వచ్చి, రోజు మాత్రం 144కు చేరకుంటే ఏమి చేయవలెను? అక్కడ సౌలభ్యమైన జవాబు లేదు. పిల్లల ఊపిరితిత్తులకు తోడ్పడే డెక్సామిథసోన్‌ను ముందుగా ఇచ్చి ఒకటి రెండు రోజులు గడపగలరేమో వైద్యులు చూస్తారు. గడపలేకుంటే తల్లినే దక్కించుకొంటారు. తల్లి బ్రతికితే వచ్చే ఏడు పిల్లలు ఉంటవి. ఈ నిర్ణయం ఇంటివారిది కాదు, దుకాణదారునిది అసలే కాదు. విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉన్నది. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. మేము రెండవ ఏట ఆ నంబరు తెలిసియే ఒక రోజు పోగొట్టుకొన్నాము.

సూది ఇంటికి వచ్చినప్పుడు మరొక జాగ్రత్త. ప్రోస్టాగ్లాండిన్ చర్మం గుండా కూడా మనిషి శరీరంలోకి ప్రవేశిస్తుంది. గర్భిణులు, ఉబ్బసం గలవారు ఆ సీసాను, సిరంజిని ముట్టరాదు. మేకల పని మన ఇండ్లలో ఎక్కువగా స్త్రీలదే కనుక ఇది గట్టిగా చెప్పవలసిన మాట. నెలలు నిండకనే మేక దానంతట అది ఈచుకొనిపోతే ఆ పిండాన్ని, మాయను ఒట్టిచేతులతో తీయరాదు. బ్రూసెల్లా అనే అంటువ్యాధి కావచ్చును, అది మనుషులకు సోకుతుంది. మేకపాలను కాచి త్రాగడం కూడా ఇందుకే.

సూదితో ఈనినను, దానంతట ఈనినను తరువాతి పని ఒక్కటే. గట్టి నొప్పులు మొదలై అరగంట దాటినా పిల్ల జాడ కనిపించకుంటే, రెండు ముందరికాళ్లు, వాటిపై ముట్టె కాక మరేదైనా ముందుగా వస్తే, సహాయం కావలెను. పుట్టిన పిల్ల ముక్కు తుడిచి, బొడ్డుకు అయోడిన్ అద్ది, మొదటి గంట రెండు గంటలలోనే జున్నుపాలు త్రాగించవలెను. రోగాన్ని తట్టుకొనే శక్తి పిల్లకు కడుపులో ఉండగా రాదు, ఆ పాలలోనే వస్తుంది. మాయ పడడానికి 12 గంటలవరకు వేచి ఉండవచ్చును. వ్రేలాడుతున్నదని పట్టి లాగరాదు.

సఫేదీ ఇప్పుడు మళ్లీ చూలుతో ఉన్నది. క్యాలెండరు మా చేతి నుండి ఖాలా చేతికి పోయినది. కట్టిన రోజున ఎర్రసిరాతో ఒక గుర్తు, 21వ రోజున ఒక సున్న, 108వ రోజు నుండి దాణా పెంచడానికి ఒక గీత, 144వ రోజున వైద్యుని ఫోను నంబరు. ఈ వ్యాసం అచ్చుకు ఇచ్చేనాటికి 118వ రోజు, మేక మేస్తున్నది.